ఆటల వీడియోలకు ఫ్రేమ్ రేట్ ఎలా ఎంచుకోవాలి: నాగావళి ఇసుక పల్టీల నుంచి రాత్రి కబడ్డీ దాకా

సంక్రాంతి రోజుల్లో మా శ్రీకాకుళం చుట్టుపక్కల పల్లెల్లో రాత్రిపూట కబడ్డీ ఆడతారు. కోతలైన మడిని చదును చేసి, సున్నంతో గీతలు గీసి, నాలుగు మూలలా గుంజలు పాతి లైట్లు కడతారు. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక ఫైనల్ తీయడానికి వెళ్లాను. కొత్త కెమెరా. సెకనుకు 120 ఫ్రేములు, అంటే 120 బొమ్మలు, తీస్తుందన్న సంబరంలో మ్యాచ్ మొత్తం 120లోనే తీసేశాను.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేస్తే బొమ్మంతా గుప్పుగుప్పుమని వెలిగి ఆరుతోంది. అది చాలదన్నట్టు, ఆ స్లోమోషన్ మోడ్‌లో శబ్దమే రికార్డు కాలేదు. మర్నాడు ఆ జట్టు కుర్రాడొకడు వచ్చి చూసి, "ఇదేటన్నా, బొమ్మ ఇలా రెపరెపలాడతంది? కూత ఏదన్నా?" అని అడిగాడు. గెలిచిన మ్యాచ్ అది. వాళ్ల దగ్గర దానికి వేరే వీడియో లేదు. ఆ రాత్రి మళ్లీ రాదు కదా. ఆ బాధతోనే ఫ్రేమ్ రేట్ గురించి మొదటి నుంచి నేర్చుకున్నాను. మీకు అలాంటి రోజు రాకూడదని ఇది రాస్తున్నాను.

చాలామంది ఫ్రేమ్ రేట్‌ని నాణ్యత అనుకుంటారు. అంకె పెద్దదైతే వీడియో బాగుంటుందని ఎప్పుడూ పెద్దదే పెడతారు. నేనూ అదే చేశాను. ఫ్రేమ్ రేట్ అంటే చూసేవాళ్లకు ఆ క్షణాన్ని ఏ వేగంలో చూపించబోతున్నామన్న నిర్ణయం. అది షూటింగ్‌కి ముందే జరగాలి. తీయని ఫ్రేములు ఎడిటింగ్‌లో పుట్టవు.

ముందు ఒక లెక్క

గంటకు 36 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కే కుర్రాడు సెకనుకు 10 మీటర్లు వెళ్తాడు. సెకనుకు 30 ఫ్రేములు తీస్తే ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య అతను 33 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర ముందుకు జరిగిపోతాడు. 60లో తీస్తే 17 సెంటీమీటర్లు. 120లో బెత్తెడు. 240లో రెండు వేళ్ల మందం. ఆ మధ్యలో ఏం జరిగిందో కెమెరాకు తెలీదు. అదే గంటకు 126 కిలోమీటర్ల వేగంతో వేసిన క్రికెట్ బంతి అయితే 30 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకీ మీటరు పైనే దూకుతుంది. బంతి బ్యాట్ అంచుకి తగిలిందా లేదా అన్నది 30లో తీసి తేల్చడం దాదాపు అసాధ్యం.

ఈ లెక్క మీ ఆటకు ఒకసారి వేసుకోండి. వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి ఫ్రేముల సంఖ్యతో భాగిస్తే చాలు. ఏ ఆటకు ఎన్ని ఫ్రేములు కావాలో సగం తేలిపోతుంది.

మొదటి అడుగు: చూసేది ఎక్కడో తేల్చుకోండి

ఎడిటింగ్‌లో క్లిప్పులు వరసగా పేర్చే పట్టీని టైమ్‌లైన్ అంటారు. దానికి ఒక ఫ్రేమ్ రేట్ ఉంటుంది. ముందు అది ఖాయం కావాలి. కెమెరాలో పెట్టే అంకె దాన్ని బట్టే వస్తుంది.

24 సినిమాది. 1920ల చివర శబ్దం వచ్చినప్పుడు స్థిరపడింది, ఇప్పటికీ థియేటర్‌లో అదే. నెమ్మదైన కథకు అందంగా ఉంటుంది. ఆటకు నేను వాడను. కెమెరా వేగంగా అటూ ఇటూ తిప్పితే వెనక చెట్లు, జనం గతుకుల రోడ్డు మీద బండిలా ఎగురుతూ కనిపిస్తాయి. 25 మన టీవీలది, దాని సంగతి లైట్ల దగ్గర వస్తుంది. 30 ఫోనుది. ఫోను తెరలు ఎక్కువగా సెకనుకు 60 సార్లు గానీ 120 సార్లు గానీ మారతాయి. 30 ఈ రెండింటిలోనూ సమంగా ఇముడుతుంది. 60లో 24 గానీ 25 గానీ సమంగా పట్టవు కాబట్టి సన్నటి తడబాటు ఉంటుంది.

నా పద్ధతి ఇది. రీల్స్, చిన్న హైలైట్స్ పగటిపూట తీస్తే 30 టైమ్‌లైన్. మ్యాచ్ మొత్తం యూట్యూబ్‌లో పెట్టాలంటే 60. హెల్మెట్‌కి గానీ సైకిల్ హ్యాండిల్‌కి గానీ కెమెరా కట్టి తీసేదానికీ 60 బాగుంటుంది, ఎందుకంటే అక్కడ బొమ్మ మొత్తం కదులుతూనే ఉంటుంది. లైట్ల కింద రాత్రి ఆట అయితే 25 లేదా 50. ఒకే వీడియోలో రెండు కుటుంబాలూ కలపకండి. 25, 50, 100, 200 ఒక కుటుంబం. 30, 60, 120, 240 ఇంకో కుటుంబం. ఇద్దరు కెమెరామెన్ ఉంటే మైదానంలోకి దిగక ముందే ఏ కుటుంబమో మాట్లాడుకోవాలి.

ఇంకో చిన్న విషయం. చాలా కెమెరాల్లో 30 అని రాసి ఉన్నా నిజంగా తీసేది 29.97, 60 అంటే 59.94. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్లిప్ వివరాల్లో అసలు అంకె చూపిస్తుంది. టైమ్‌లైన్ కూడా అదే పెట్టండి.

రెండో అడుగు: ఏ షాట్ ఏ వేగంలో కావాలో రాసుకోండి

చిన్న కాగితం చాలు. మైదానంలో తీయబోయే షాట్లు రాసి, ప్రతిదాని పక్కన 'మామూలు', 'సగం', 'పావు', 'ఎనిమిదో వంతు' అని వేగం రాయండి. లెక్క నోటికి వచ్చేస్తుంది. 30 టైమ్‌లైన్ మీద 60లో తీసినది సగం వేగం, 120 అయితే పావు, 240 అయితే ఎనిమిదో వంతు. 25 టైమ్‌లైన్ మీద 50, 100, 200 సరిగ్గా అలాగే. మామూలు వేగంలో చూపించే షాట్‌ని టైమ్‌లైన్ రేట్‌లోనే తీయండి, లేదా సరిగ్గా రెట్టింపులో తీయండి. 60లో తీసి 24 టైమ్‌లైన్‌లో మామూలు వేగంతో ఆడిస్తే ప్రతి రెండున్నర ఫ్రేములకు ఒకటి తీసుకోవాలి. అర ఫ్రేము ఉండదు కాబట్టి ఒకసారి రెండు, ఒకసారి మూడు దాటేస్తుంది. నడక కుంటుతుంది.

ఎంత స్లో కావాలో ఊహతో చెప్పడం కష్టం. నాగావళిలో నీరు తగ్గిన రోజుల్లో ఇసుక మీద కుర్రాళ్లు పల్టీలు కొడతారు. దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, రెండు పాదాలూ ఒకేసారి ఇసుకలో కొట్టి లేస్తారు. నడుము 45 సెంటీమీటర్లు పైకి లేస్తే గాలిలో ఉండేది దాదాపు 0.6 సెకను. 30లో తీస్తే మొత్తం పల్టీకి 18 ఫ్రేములు. 120లో 72 ఫ్రేములు, అంటే తెర మీద 2.4 సెకన్లు. 240లో 4.8 సెకన్లు.

ఈ రెండూ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. 2.4 సెకన్లలో పల్టీ పల్టీలాగే ఉంది. లేవడం, మోకాళ్లు ఛాతీకి చేరడం, విప్పుకోవడం, దిగడం అన్నీ ఒక్క ఊపిరిలో కనిపిస్తాయి. 4.8 సెకన్లలో మధ్యలో చూసేవాళ్ల మనసు జారిపోతుంది. కానీ అదే 240ని కేవలం పాదాల దగ్గర పెట్టి తీస్తే వేరే లోకం. మడమ లేచినా వేళ్లు ఇంకా ఇసుకలోనే ఉంటాయి. వేళ్ల చుట్టూ తడి ఇసుక పగిలి అంచు లేస్తుంది. ఆఖరికి బొటనవేలు వదిలాక, దాని వెనక ఇసుక చిన్న విసనకర్రలా విచ్చుకుని, ఒక్కో రేణువూ ఎండలో మెరుస్తూ పడుతుంది. ఇది 30లో ఒకటి రెండు ఫ్రేముల్లో అయిపోయే సంగతి. అందుకే నా కాగితం మీద మనిషి మొత్తం కనిపించే షాట్‌కి 120, పాదానికో చేతికో దగ్గరగా వెళ్లే షాట్‌కి 240 అని ఉంటుంది.

స్లోమోషన్ పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం తీసేవాళ్లు చాలామంది అలవాటుగా స్లోమోషన్ పెట్టేస్తారు. సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను, గుడి నుంచి కోట వైపు జనం మధ్య దాని బరువుతో అది సాగుతుంది. దాన్ని ఇంకా నెమ్మది చేస్తే ఆ ఊగు పోతుంది, డప్పుకీ కదలికకీ సంబంధం తెగిపోతుంది. అది మామూలు వేగంలోనే చూడాలి.

మూడో అడుగు: షట్టర్

ఫ్రేమ్ రేట్ ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా షట్టర్ తప్పితే అంతా పోతుంది. షట్టర్ అంటే ఒక్కో ఫ్రేముకి కెమెరా కన్ను తెరిచి ఉండే సమయం, 1/60 అంటే సెకనులో అరవయ్యో వంతు. పాత నియమం సులువు. ఫ్రేమ్ రేట్‌కి రెట్టింపు అంకె పెట్టాలి. 30కి 1/60, 60కి 1/120, 120కి 1/240. అప్పుడు కదలికలో కొంచెం మసక ఉంటుంది. ఆ మసకే కంటికి సహజంగా అనిపిస్తుంది. మన సైకిల్ కుర్రాడినే తీసుకుంటే 1/60లో అతని మసక 17 సెంటీమీటర్లు, 1/240లో 4, 1/1000లో ఒక్క సెంటీమీటరు.

కళింగపట్నం బీచ్‌లో మిట్టమధ్యాహ్నం కెమెరాని ఆటోలో వదిలేస్తే ఏమవుతుందో చూడండి. ఎండ, దాన్ని తిప్పికొట్టే ఇసుక, నీటి మెరుపు. యాక్షన్ కెమెరాకు (హెల్మెట్‌కి కట్టే చిన్న కెమెరా) లెన్స్ రంధ్రం తగ్గించే వీలు సాధారణంగా ఉండదు కాబట్టి వెలుతురు తగ్గించడానికి షట్టర్‌ని 1/3000 దాకా లాగేస్తుంది. మామూలు వేగంలో ఆడిస్తే కాళ్లు టపటపమని కొట్టుకున్నట్టు ఉంటాయి. దీనికి మందు ఎన్‌డీ ఫిల్టర్, అంటే కెమెరాకు నల్ల కళ్లద్దం. నిండు ఎండలో లెన్స్ రంధ్రం ఎఫ్ 2.8, ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే చురుకు) 100 అనుకుంటే 60 ఫ్రేములకు ఎన్‌డీ 32, 120కి ఎన్‌డీ 16, 240కి ఎన్‌డీ 8 దాదాపు సరిపోతాయి. ఫ్రేమ్ రేట్ రెట్టింపైతే ఫిల్టర్ ఒక మెట్టు తగ్గుతుంది. మబ్బు పడితే ఇంకో మెట్టు, రెండు మెట్లు తగ్గించండి.

ఈ నియమాన్ని నేను ఒకచోట కావాలనే పక్కన పెడతాను. కెమెరా మనిషికో బండికో కట్టి ఉంటే బొమ్మ వణుకుతుంది. కెమెరాలోని స్టెబిలైజేషన్ ఆ వణుకుని సరిచేస్తుంది గానీ, నెమ్మది షట్టర్ వల్ల ఫ్రేములో పడిపోయిన మసకని తుడవలేదు. ఫలితంగా బొమ్మ నిలకడగా ఉంటుంది, కానీ అప్పుడప్పుడూ కారణం లేకుండా అలుక్కుపోతుంది. చూసేవాళ్లకు తల తిరుగుతుంది. అందుకే హెల్మెట్ మీద 60లో తీసేటప్పుడు షట్టర్ 1/240 దాకా పెంచుతాను. కెమెరా స్టాండ్ మీద ఉండి మనిషి కదిలితే రెట్టింపు నియమం. కెమెరాయే కదిలితే నాలుగు రెట్లు.

సాయంత్రం వెలుతురు గురించి కూడా ముందే ఆలోచించాలి. మనం తూర్పు అంచున ఉన్నాం. జనవరిలో అయిదున్నర దాటితే వెలుతురు జారిపోతుంది. ఫ్రేమ్ రేట్ రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో ఫ్రేముకి అందే వెలుతురు సగం అవుతుంది. 30తో పోలిస్తే 240లో ఎనిమిదో వంతే. కాబట్టి 240 షాట్లు ముందు, పొద్దు పైన ఉండగానే తీసేయండి. 60వి తర్వాత. 30వి చివర.

నాలుగో అడుగు: కరెంటు లైట్ల కింద

ఆ ఫైనల్ నాకు నేర్పిన పాఠం ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊగులో లైటు రెండుసార్లు వెలుగుతుంది. ట్యూబ్‌లైట్లు, మెటల్ హాలైడ్ ఫ్లడ్‌లైట్లు, చౌక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతాయి. మన కంటికి తెలీదు. కెమెరాకు తెలుస్తుంది. 120 ఫ్రేములు తీస్తే ఒక్కో ఫ్రేము తెరుచుకునే సమయం ఎంత పెంచినా 1/120 సెకను దాటదు. లైటు ఒక్క ఊపు పూర్తి కావడానికి 1/100 సెకను కావాలి. అంటే ప్రతి ఫ్రేముకీ ఊపులో ఏదో ఒక ముక్కే దొరుకుతుంది. ఒక ఫ్రేముకి వెలుగు ముక్క, ఇంకోదానికి చీకటి ముక్క. ఆ తేడా సెకనుకు 20 సార్లు కొట్టుకుంటుంది. పావు వేగానికి తగ్గిస్తే తెర మీద సెకనుకు 5 సార్లు గుప్పుగుప్పుమంటుంది. నా వీడియోలో కనిపించింది సరిగ్గా అదే. కొన్ని ఫోన్లలో ఇది అడ్డంగా నల్ల పట్టీల్లా దిగుతూ కనిపిస్తుంది, మూలం ఒకటే.

విరుగుడు ఏమిటంటే ప్రతి ఫ్రేముకీ లైటు ఊపు పూర్తిగా దొరకాలి. 50 ఫ్రేములు, షట్టర్ 1/100. రెట్టింపు నియమమూ నిలుస్తుంది, లైటూ నిలుస్తుంది. 25 ఫ్రేములకు 1/50. మీ ఫోనులో 50 లేకపోతే 60 ఫ్రేములు పెట్టి షట్టర్ మాత్రం 1/100కి కట్టేయండి. అదీ పనిచేస్తుంది. 30 అయితే 1/50 గానీ 1/100 గానీ. షట్టర్ చేత్తో పెట్టే వీలు ఫోను కెమెరాలో లేకపోతే ప్రో వీడియో మోడ్ చూడండి, లేదా బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది, అందులో ఫ్రేమ్ రేట్, షట్టర్ రెండూ తాళం వేయొచ్చు.

రాత్రి స్లోమోషన్ తప్పదంటే 100 ఫ్రేములు వాడండి, 120 వద్దు. 100లో ప్రతి ఫ్రేముకీ ఊపులో ఒకే ముక్క దొరుకుతుంది కాబట్టి వెలుగు దాదాపు సమంగా ఉంటుంది. కరెంటు ఎప్పుడూ కచ్చితంగా 50 దగ్గర నిలబడదు కాబట్టి మెల్లగా పెరిగి తగ్గే ఛాయ కొద్దిగా ఉండొచ్చు, దాన్ని ఎడిటింగ్‌లో సర్దుకోవచ్చు. 100, 200 మీ కెమెరా మెనూలో కనపడకపోతే అది 60 హెర్ట్జ్‌లో గానీ ఎన్‌టీఎస్‌సీలో (30, 60 కుటుంబం టీవీ పద్ధతి) గానీ ఉండొచ్చు. గోప్రోలో యాంటీ ఫ్లికర్‌ని 50కి మార్చండి. మిగతా కెమెరాల్లో పాల్ (25, 50 కుటుంబం పద్ధతి) అని ఉంటుంది, అది ఎంచుకోండి. కొన్ని కెమెరాలు ఈ మార్పుకి కార్డు ఫార్మాట్ చేయమంటాయి, అందుకని ఈ పని ఇంట్లోనే చేసుకుని వెళ్లండి.

మ్యాచ్‌కి గంట ముందు, లైట్లు వేయగానే, ఒక్కో గుంజ వైపు ఫోను తిప్పి స్లోమోషన్‌లో పది సెకన్లు తీసి చూడండి. నాలుగు లైట్లలో ఒకటే కొట్టుకోవచ్చు. మంచి ఎల్ఈడీలు అసలు కొట్టుకోవు. ఏది నిలకడగా ఉందో ఆ వైపు వెలుగులో ఆట కనిపించేలా కెమెరా పెట్టుకుంటే సగం బాధ తీరుతుంది.

తర్వాతి సంక్రాంతికి అదే ఊళ్లో మ్యాచ్ మొత్తం 50లో, 1/100లో తీశాను. స్లోమోషన్ కోసం ఇంకో కెమెరా 100లో, బోనస్ గీత వైపు మాత్రమే గురిపెట్టి. రైడర్ ముందు కాలు గీత దాటి, వెనక కాలు గాలిలోకి లేచి, పట్టు పడబోయే చెయ్యి చీలమండకు నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోవడం స్పష్టంగా కనిపించింది. కూత మొదటి కెమెరాలో ఉంది.

ఆటను బట్టి

కబడ్డీ సంగతి అయిపోయింది. పగలైతే 60, షట్టర్ 1/120 నుంచి 1/240.

వెయిట్‌లిఫ్టింగ్ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సొంత ఆట. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస పక్క ఊరు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ లిఫ్టర్లకు పేరున్న పల్లె. ఇక్కడ వీడియోకి రెండు అవసరాలు. ఇంట్లోవాళ్లకు చూపించడానికి 30 చాలు. బార్ కింద పడ్డప్పుడు వచ్చే ఆ మోతే సగం వీడియో, అందుకని శబ్దం ఉండాలి. కోచ్‌కి చూపించడానికి మాత్రం 120 కావాలి, వీలైతే 240. స్నాచ్‌లో (బార్‌ని ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) బార్ మోకాళ్లు దాటాక తుంటి విసురుగా తెరుచుకునే ఘట్టం సెకనులో ఐదో వంతు దగ్గర అయిపోతుంది. 30లో దానికి దొరికేది ఐదారు ఫ్రేములు, 240లో దాదాపు 48. బార్ శరీరానికి దగ్గరగా వచ్చిందా, మడమలు తొందరగా లేచాయా అన్నది అక్కడే తెలుస్తుంది. కెమెరా స్టాండ్ మీద, లిఫ్టర్‌కి సరిగ్గా పక్కన, నడుము ఎత్తులో పెట్టండి. ఏటవాలుగా పెడితే బార్ దారి తప్పుగా కనిపిస్తుంది. జిమ్‌లో ట్యూబ్‌లైట్లు ఉంటాయి కాబట్టి పొద్దున్నే తలుపులు, కిటికీలు తెరిచి పగటి వెలుగులో తీయడం మేలు. ట్యూబ్‌లైట్లు ఆపేయమని అడగండి, ఎవరూ కాదనరు.

సైకిల్, బైక్ స్టంట్లకు కింద నుంచి తీసే షాట్ 120, బండి మీద నుంచి 60. బీచ్‌లో అలల మీద ఆటలకు 120 చక్కగా సరిపోతుంది, నీటి తుంపరలు అందులో విడివిడిగా కనిపిస్తాయి. పని అయ్యాక ఉప్పునీరు తగిలిన కెమెరాను మంచినీళ్లతో కడగడం మరవొద్దు. పరుగు పందేలకు గీత దగ్గర ఎవరు ముందన్నది తేల్చాలంటే 240, షట్టర్ 1/1000. అక్కడ అందం లెక్క కాదు, మసక లేకపోవడమే ముఖ్యం.

ఐదో అడుగు: బయల్దేరే ముందు

ఐఫోన్‌లో ఆటో ఎఫ్‌పీఎస్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. వెలుతురు తగ్గితే మీకు చెప్పకుండా 24కి దించేస్తుంది. ఆపేయండి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటిదే ఉంది. ఆట మధ్యలో రేట్ మారితే ఆ క్లిప్‌ని సాఫీగా స్లో చేయలేం.

కార్డు మీద వీ30 అని ఉండాలి. సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాయగలదని దాని అర్థం. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైట్) తీస్తే నిమిషానికి 750 మెగాబైట్లు అవుతుంది, 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. 200 ఎంబీపీఎస్ అయితే అందులో సగం. స్లోమోషన్ క్లిప్పులు చిన్నవిగా, పది పదిహేను సెకన్లకు మించకుండా తీయండి. కార్డు మిగులుతుంది, ఎండాకాలంలో కెమెరా వేడెక్కి ఆగిపోదు, రాత్రి కూర్చుని వెతకడం కూడా తేలిక.

శబ్దానికి వేరే ఏర్పాటు ఉండాలి. గీత పక్కన పాత ఫోను ఒకటి పెట్టి వాయిస్ రికార్డర్ ఆన్ చేసి వదిలేయండి. దీనికి ఖర్చేమీ లేదు, లేనప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఆరో అడుగు: ఎడిటింగ్

క్లిప్పులు లోపలికి తెచ్చే ముందే టైమ్‌లైన్ రేట్ పెట్టండి. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వచ్చాక ప్రాజెక్టు టైమ్‌లైన్ రేట్ మార్చనివ్వదు. దాని ఉచిత వెర్షన్ 60 ఫ్రేముల దాకా చాలు, మనకు అంతకంటే అవసరం లేదు.

చాలా ఫోను క్లిప్పుల్లో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు, కొంచెం అటూ ఇటూ ఊగుతుంటుంది. పొడవైన మ్యాచ్ వీడియోలో చివరికొచ్చేసరికి కూత ఒకచోట, రైడర్ నోరు ఒకచోట అవడానికి ఇది ఒక పెద్ద కారణం. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేమ్ రేట్ ఎంచుకుని ఒకసారి మార్చి, ఆ తర్వాత ఎడిటింగ్‌లోకి తెచ్చుకోండి.

స్లో చేయడానికి రెండు దారులు ఉన్నాయి. 120లో తీసిన క్లిప్‌కి క్లిప్ వివరాల్లోకి వెళ్లి 'నువ్వు 30' అని చెప్పడం ఒకటి. ప్రీమియర్‌లో ఇది ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్, రిజాల్వ్‌లో క్లిప్ ఆట్రిబ్యూట్స్. అప్పుడు ఉన్న ఫ్రేములన్నీ వరసగా ఆడతాయి, ఏదీ పోదు, ఏదీ కల్పించదు. రెండోది స్పీడ్ 25 శాతానికి దించడం. లెక్క సమంగా ఉంటే ఫలితం ఒకటే. ఫోనులో వీఎన్ అనే ఎడిటింగ్ యాప్ వాడేవాళ్లకు ఈ రెండోదే దారి.

120 క్లిప్‌ని 25 శాతం కంటే ఇంకా స్లో చేయాలనిపిస్తే ఆప్టికల్ ఫ్లో ఉంది. లేని ఫ్రేములను సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. ఒక్క మనిషి, వెనక ఖాళీ ఆకాశం ఉంటే నమ్మేలా గీస్తుంది. కబడ్డీలో ఆరుగురి కాళ్లు ఒకదాని మీద ఒకటి పడే చోట ఒకడి పాదం ఇంకొకడి మోకాలికి అతుక్కుపోతుంది. అక్కడ వాడకండి.

వేగం మార్చుతూ పోయే స్పీడ్ ర్యాంప్‌లో చాలామంది చేసే తప్పు, మనిషి గాలిలోకి లేచాక స్లో మొదలుపెట్టడం. పాదం ఇసుకను తాకడానికి మూడు నాలుగు ఫ్రేముల ముందే స్లో మొదలవ్వాలి, దిగి మోకాళ్లు వంగేలోపు మామూలు వేగానికి వచ్చేయాలి. లేచే బలం, దిగే బరువు అప్పుడే తెలుస్తాయి. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. 1/240 షట్టర్‌తో తీసిన 120 క్లిప్‌ని మామూలు వేగంలో ఆడించే భాగం కొంచెం కటువుగా ఉంటుంది, మసక తక్కువ కాబట్టి. ఆ భాగానికి మాత్రమే మోషన్ బ్లర్ ఎఫెక్ట్ కొద్దిగా కలపండి.

స్లో భాగంలో శబ్దాన్ని సాగదీయొద్దు. పక్కన పెట్టిన ఫోను రికార్డింగ్‌ని మామూలు వేగంలోనే కింద నడవనివ్వండి. జనం కేక తగ్గి, పాదం దిగే క్షణానికి మళ్లీ లేచేలా సర్దితే చాలు.

ఏడో అడుగు: బయటికి తీయడం

టైమ్‌లైన్ ఎంతో ఎక్స్‌పోర్ట్ అంతే. 30 టైమ్‌లైన్‌ని 60లో ఎక్స్‌పోర్ట్ చేస్తే ప్రతి ఫ్రేమూ రెండుసార్లు వస్తుంది, ఫైలు బరువు పెరగడమే మిగులుతుంది. యూట్యూబ్ 50, 60 రెండూ తీసుకుంటుంది, కానీ చూసేవాళ్లు 720పి లేదా అంతకంటే పైన పెట్టుకుంటేనే ఆ ఫ్రేములన్నీ కనిపిస్తాయి. ఆ మాట వీడియో కింద రాయండి, చాలామందికి తెలీదు. రీల్స్‌కి 30.

జట్టు కుర్రాళ్లకు వాట్సాప్‌లో పంపేటప్పుడు వీడియోగా పంపితే అది బాగా నలిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. పంపే ముందు వాళ్ల దగ్గరుండే మామూలు ఫోను ఒకటి తీసుకుని, బయట ఎండలో నిలబడి, వాల్యూమ్ నిండా పెట్టి మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూడండి.